1991 సంస్కరణలు: పీవీ చేసినవి ఏవి, గత్యంతరం లేక జరిగినవి ఏవి?

మానేరు:
1991 గురించి ఎప్పుడూ రెండు వాదనలే వినిపిస్తాయి. పీవీ లేకపోతే ఏదీ జరిగేది కాదని ఒకటి. ఖజానాలో డాలర్లు అయిపోయాయి, అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) షరతులు పెట్టింది, కుర్చీలో ఎవరున్నా అదే చేసేవారని రెండోది. ప్రధానిగా ఆయన నిర్ణయాలు ఏవి, సంక్షోభం మెడ మీద కత్తి పెట్టి చేయించినవి ఏవి? తేదీలతో విడదీసి చెప్పగలరా?

లెక్కలపద్దు:
ఒక్క పరీక్ష పెట్టుకోండి: ఆ నిర్ణయంతో ఆ వారంలో డాలర్లు వస్తాయా, రావా?

జూన్ 21న పీవీ ప్రధానిగా ప్రమాణం చేసేనాటికి విదేశీ మారక నిల్వ 100 కోట్ల డాలర్ల చిల్లర. రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోతుంది. అంతకుముందే మే నెలలో, చంద్రశేఖర్ హయాంలో, 20 టన్నుల బంగారాన్ని తిరిగి కొనుక్కునే షరతుతో స్విస్ బ్యాంకుకు అమ్మారు. జూలైలో రిజర్వు బ్యాంకు మరో 47 టన్నుల దాకా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల దగ్గర కుదువ పెట్టి 40 కోట్ల డాలర్లు తెచ్చింది. ఇవి ఎవరున్నా చేయక తప్పనివి. రెండు ప్రభుత్వాలూ చేశాయి కదా.

రూపాయి విలువ తగ్గింపు కూడా ఆ కోవలోదే. జూలై 1న 9 శాతం, 3న మరో 11 శాతం. మొదటి విడతకే రాజకీయంగా గొడవ లేవడంతో రెండోదాన్ని ఆపించాలని పీవీ చూశారు. ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ ఫోన్ చేసేసరికి రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ రంగరాజన్ ఆ పని పూర్తి చేసేశారు. ఇక్కడ పీవీ వెనక్కి లాగారు, ఆర్థిక శాఖ, రిజర్వు బ్యాంకు ముందుకు నడిపాయి. ఆయన్ని గౌరవించేవాళ్లు కూడా ఇది ఒప్పుకోవాలి.

అసలు రాజకీయ నిర్ణయం జూలై 24 నాటి పారిశ్రామిక విధానం. లైసెన్సులు ఎత్తేస్తే మర్నాడు ఒక్క డాలరూ రాదు. ఐఎంఎఫ్‌కు చూపించడానికి ఇంతకంటే చిన్న అడుగు వేసినా సరిపోయేది.

ఎత్తేసింది ఏమిటో చూడండి. స్కూటర్ల ఫ్యాక్టరీ పెట్టాలంటే 1951 నాటి పరిశ్రమల చట్టం కింద లైసెన్సు కావాలి. యంత్రాల దిగుమతికి ఇంకో లైసెన్సు, విదేశీ సాంకేతిక ఒప్పందానికి వేరే అనుమతి. షేర్లు అమ్మితే ధర చెప్పేది ఢిల్లీలోని క్యాపిటల్ ఇష్యూస్ కంట్రోలర్. సంస్థ ఆస్తులు 100 కోట్లు దాటితే గుత్తాధిపత్యాన్ని అదుపు చేసే చట్టం (ఎంఆర్‌టీపీ) కింద అనుమతి అదనం. ఇన్నీ దాటాక, గిరాకీ ఉంది కదా అని లైసెన్సులో రాసిన సామర్థ్యాన్ని మించి తయారు చేస్తే మళ్లీ తప్పే. జూలై 24న 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సు తీసేశారు. ఎంఆర్‌టీపీ ఆస్తుల పరిమితి పోయింది. 34 రంగాల్లో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడికి నేరుగా దారి తెరిచారు.

తంగేడుపూలు:
పైదానికి చేర్పు. పరిశ్రమల శాఖను పీవీ తన దగ్గరే ఉంచుకున్నారు. లైసెన్సులిచ్చే అధికారం వదులుకోవడానికి ఏ మంత్రీ ఇష్టపడడు కాబట్టి నా దృష్టిలో ఇదే కీలకం. అయినా కేబినెట్‌లో అభ్యంతరాలు వచ్చాయి. అప్పుడు ముసాయిదా మొదట్లో ఇది నెహ్రూ, ఇందిర, రాజీవ్‌ల బాటలోదేనని చెప్పే పేరాలు చేర్చారు. విషయం పెద్దగా మారలేదు, ఆమోదం దొరికింది. సభలో పెట్టింది కూడా సహాయమంత్రి పి.జె. కురియన్. అదే రోజు సాయంత్రం బడ్జెట్ ఉండటంతో చర్చంతా దాని మీదికే పోయింది. లోక్‌సభలో మెజారిటీ లేని ప్రభుత్వం అది. అప్పటికి పీవీ పార్లమెంటు సభ్యుడు కూడా కాదు, నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో గెలిచాకే అయ్యారు.

మానేరు:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి రాజకీయం చూసుకుని వెనక్కి తగ్గింది ఎక్కడ? దాని ఫలితం ఏమైంది?

నల్లరేగడి:
ఎరువుల దగ్గర. ఆ నష్టం ఈనాటికీ పొలాల్లో కనిపిస్తోంది.

బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు. సొంత పార్టీ ఎంపీలే ఎదురు తిరగడంతో ఆగస్టులో 30 శాతానికి దించి, చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. చెప్పడానికి బాగుంది. కానీ ఎరువుల దుకాణంలో నిలబడ్డ మనిషి సన్నకారు రైతో కాదో తేల్చేదెవరు? కౌలుకు చేసేవాడికైతే చూపించడానికి పాస్‌బుక్కే ఉండదు.

అసలు తప్పు 1992 ఆగస్టులో జరిగింది. భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ, పొటాష్‌ ఎరువుల ధరలపై నియంత్రణ తీసేశారు. నత్రజని ఇచ్చే యూరియాపై ఉంచడమే కాక ధర 10 శాతం తగ్గించారు కూడా. యూరియాను ముట్టుకుంటే ఓట్లు పోతాయన్న భయం. డీఏపీ, పొటాష్ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి, రైతు యూరియా వైపు మళ్లాడు. అందులో అతని తప్పేమీ లేదు, చేతిలో ఉన్న డబ్బుకు చేను పచ్చగా కనిపించేది అదే. నత్రజని, భాస్వరం, పొటాష్‌ల వాడకం 4:2:1 పాళ్లలో ఉండాలంటారు. 1991-92లో 5.9:2.4:1 ఉన్నది, ఒక్క ఏడాదిలో 9.5:3.2:1 అయింది. నత్రజని ఎక్కువైన వరి ఏపుగా పెరిగి పడిపోతుంది, దోమ, తెగుళ్లు ఎక్కువవుతాయి, పురుగుమందుల ఖర్చు పెరుగుతుంది.

మూడింటినీ కలిపి కొద్దికొద్దిగా సడలించి ఉంటే ఈ వంకర వచ్చేది కాదు. 2010 ఏప్రిల్‌లో పోషకాల ఆధారిత సబ్సిడీ తెచ్చిన ప్రభుత్వం కూడా యూరియాను దాని బయటే ఉంచింది.