మెటల్ డిటెక్టర్ పట్టుకుని ఎక్కడికెళ్ళాలి? చోటు ఎంచుకోవడం ఎలా?

కొత్త_కాయిల్:
అందరికీ నమస్కారం. నాది సింగిల్ ఫ్రీక్వెన్సీ మెషీన్ (ఒకే తరంగంతో పనిచేసేది), 11 అంగుళాల కాయిల్ (నేలకి దగ్గరగా ఊపే పళ్ళెం లాంటి భాగం). సెట్టింగులు, గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాల మోత వినపడకుండా మెషీన్‌ని సర్దడం) చేతికొచ్చాయి. తేలనిదల్లా చోటే. అందుబాటులో మూడున్నాయి: పాత పార్కు, దున్నిన పొలాలు, సముద్రపు ఒడ్డు. దేనితో మొదలుపెట్టాలి? రోజంతా తవ్వి చూసుకునే బదులు, ఈ చోటు పనికొస్తుందో లేదో ముందే తేల్చుకునే పద్ధతి ఏమైనా ఉందా?

దుక్కిదారి:
చోటు వెతకడం ఇంట్లో మొదలవుతుందండి. దొరికినంత పాత మ్యాపునీ ఇప్పటి ఉపగ్రహ చిత్రాన్నీ పక్కపక్కన పెట్టుకోండి. అప్పుడుండి ఇప్పుడు లేనివాటిని చూడాలి: మాసిపోయిన కాలిబాట, బండ్లు ఏరు దాటిన చోటు, సంత జరిగిన మైదానం, కూలిపోయిన ఇళ్ళ వరస. మనిషి దగ్గర్నుంచి వస్తువు జారేది వంగినప్పుడు, కూర్చున్నప్పుడు, బట్టలు మార్చుకున్నప్పుడు, డబ్బు చేతులు మారినప్పుడు. ఈ పనులు ఎక్కడ జరిగి ఉంటాయన్నదే మీరు మ్యాపుని అడగాల్సిన ప్రశ్న.

పొలంలో దిగాక చాలు చాలూ తిరగొద్దు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు, మళ్ళీ మిగిలిన రెండు మూలల మధ్య, ఇంటూ గుర్తులా నడవండి. డిస్క్రిమినేషన్ (వద్దనుకున్న లోహాల చప్పుడు ఆపే సెట్టింగు) సున్నాలో పెట్టండి, ఇనుము కూడా వినపడాలి. ఆ రెండు గీతల మీద వచ్చిన ప్రతి సిగ్నల్‌నీ తవ్వి, ఏం వచ్చిందో ఎక్కడ వచ్చిందో ఫోన్ మ్యాపులో గుర్తు పెట్టుకోండి. గంటన్నర పని. చేతి మేకులు (చతురస్రంగా ఉంటాయి, కొన దాకా సన్నబడతాయి), పెంకులు, నల్లబడ్డ మన్ను ఒకేచోట తగిలితే అక్కడ మనుషులు కాపురమున్నట్టే. ఉత్త తీగ ముక్కలూ కొత్త మేకులూ అయితే అది కంచె వరస. దాన్ని వదిలేయండి.

సిగ్నల్ గుంపుగా వచ్చిన చోటే గీతలు దగ్గర చేసి, ప్రతి ఊపూ ముందటి ఊపు మీద కాయిల్ వెడల్పులో సగం పడేలా ఊపండి.

రేకుల_పులి:
మేకులున్న చోటుకి కొత్తవాళ్ళని పంపడం ఎందుకండీ? శుభ్రంగా, చప్పుడు లేని పొలమైతే మెషీన్ నేర్చుకోవడానికి హాయి కదా.

దుక్కిదారి:
చప్పుడు లేదంటే చాలాసార్లు అక్కడ మనుషులే లేరని అర్థం. మేకుల చోటు కష్టమే, కాదనను. ఇనుము పక్కన నాణెం ఉంటే ఇనుము మోతలో దాని గొంతు మునిగిపోతుంది. దానికి మందు చిన్న కాయిల్: 5, 6 అంగుళాలది. దాని కింద ఒకసారికి తక్కువ వస్తువులే పడతాయి కాబట్టి విడివిడిగా పలుకుతాయి. లోతు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి.

పొలం ఎప్పుడన్నది కూడా ముఖ్యం. దున్నిన మర్నాడు వెళ్తే పెళ్ళల మీద కాయిల్ గంతులేస్తుంది. పెళ్ళలు చితికి, ఒక వాన పడి, నేల సర్దుకున్నాక వెళ్ళండి. కాయిల్ నేలకి 5 సెంటీమీటర్లు పైన ఊగితే ఆ 5 సెంటీమీటర్లూ మీ లోతులోంచే పోతాయి. కోసిన మోళ్ళ మీదా ఇదే నష్టం.

రైతుని ఒక మాట తప్పకుండా అడగండి: పట్టణపు చెత్తతో చేసిన ఎరువు ఎప్పుడైనా తోలారా? తోలి ఉంటే అందులోని అల్యూమినియం ముక్కలు పొలమంతా పరుచుకుని ఉంటాయి. అలాంటి పొలం జోలికి నేనైతే వెళ్ళమనను.

తడి_ఇసుక:
ఒడ్డు సంగతి. సింగిల్ ఫ్రీక్వెన్సీ మెషీన్‌తో తడి ఇసుకలోకి దిగితే ఉప్పునీరే లోహంలా అరుస్తుంది. తడి మీదే గ్రౌండ్ బ్యాలెన్స్ చేసి, సెన్సిటివిటీ (ఎంత చిన్న సిగ్నల్‌కి పలకాలన్న సెట్టింగు) తగ్గించి ప్రయత్నించొచ్చు గానీ సుఖం లేదు. మల్టీ ఫ్రీక్వెన్సీ (ఒకేసారి చాలా తరంగాలు వాడేది) గానీ పల్స్ ఇండక్షన్ (విడివిడి విద్యుత్ పల్సులు పంపేది) గానీ ఉన్నవాళ్ళకే ఆ భాగం. అందులోనూ పల్స్ ఇండక్షన్ ఇనుముని సరిగ్గా వేరు చేయదు, ప్రతి మేకూ తవ్వాల్సిందే.

మీరు పొడి ఇసుకలో ఉండండి. జనం తువ్వాళ్ళు పరుచుకుని కూర్చునే వరస ఒకటి ఉంటుంది, నీటి గీతకి కాస్త ఎగువన. మెట్లు దిగి ఇసుకలో కాలుపెట్టే చోటు, నీడ పడే చోటు కూడా చూడండి. నల్ల ఇసుక చారలుంటే అది చాలావరకు మాగ్నెటైట్ లాంటి ఇనుప ఖనిజం, మళ్ళీ బ్యాలెన్స్ చేయాలి.

తుఫాను వెళ్ళాక ఇసుక కోసుకుపోయి అడుగెత్తు గోడలా నిలబడుతుంది చూడండి, దాని పాదం దగ్గర వెతకండి. మడమతో నొక్కితే మెత్తగా దిగిందా, అది కొత్తగా పోసిన ఇసుక, అడుగున ఏమున్నా అందదు. గట్టిగా తగిలి, గవ్వలూ గులకరాళ్ళూ కనబడితే పాత పొర పైకి తేలినట్టు. బరువైనవి ఆ పొర మీదే ఆగుతాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో నీరు బాగా వెనక్కి పోతుంది. నీరు పూర్తిగా తగ్గే సమయానికి రెండు గంటల ముందే మొదలుపెట్టి, తిరిగి ఎక్కుతుంటే వెనక్కి వచ్చేయండి.

రేకుల_పులి:
పార్కు గురించి నేను చెప్తా. ముందు పాత చెట్ల మొదళ్ళు చూడండి. సహజంగా పెరిగిన చెట్టు మొదలు నేల దగ్గర వెడల్పై వేళ్ళలోకి విచ్చుకుంటుంది. అలా కాకుండా కాండం కరెంటు స్తంభంలా నిటారుగా మట్టిలోకి దిగిపోతే, బహుశా అక్కడ బయటి మట్టి పోసి ఎత్తు చేశారు. మీ కాయిల్‌కి నాణెం మామూలు నేలలో 15 నుంచి 25 సెంటీమీటర్ల దాకా అందుతుంది. పైన 30 సెంటీమీటర్ల కొత్త మట్టి పడితే పాత నేల మీకు లేనట్టే.

విచ్చుకున్న మొదళ్ళున్న భాగమే ఎంచుకోండి. బెంచీల వెనకవైపు, జనం ఒరిగి కూర్చునే వాలు, అడ్డదారి పచ్చికలోకి తిరిగే మలుపు. రేకులు (డబ్బాల మూతలు, ఫాయిలు) విసిగిస్తున్నాయని మెషీన్ తెర మీద వాటికొచ్చే నంబర్లు కట్ చేస్తే సన్నటి బంగారు ఉంగరం కూడా వాటితోపాటే పోతుంది, రెండూ ఒకే పరిధిలో పలుకుతాయి మరి.

కరెంటు తీగల కింద మెషీన్ ఊరికే గిలగిల్లాడితే ముందు నాయిస్ క్యాన్సిల్ (బయటి విద్యుత్ అలజడిని తప్పించే సెట్టింగు) చేయండి, కుదరకపోతే సెన్సిటివిటీ తగ్గించండి.

కొత్త_కాయిల్:
చాలా థ్యాంక్సండీ. అనుమతి మాటల్లో సరిపోతుందా? పార్కులో గుంట తీస్తే పచ్చిక పాడవదా?

దుక్కిదారి:
రాతలో తీసుకోండి. ఏ సర్వే నంబర్, ఎన్నాళ్ళు, దొరికినవి ఎలా పంచుకోవాలి, ఈ మూడూ అందులో ఉండాలి. రక్షిత స్థలాలు, తవ్వకాలు జరిగిన దిబ్బలు అసలు వద్దు. పాతవస్తువుల చట్టం దేశానికో రకం, మీరున్న చోటిది ముందే చదవండి. పాత నాణేల గుంపు తగిలితే ఇక తవ్వకుండా జీపీఎస్ గుర్తు పెట్టి, ఫొటో తీసి అధికారులకి చెప్పాలి. ఫిరంగి గుండులాంటిది కనబడితే ముట్టుకోవద్దు, దూరం జరిగి పోలీసుకి ఫోన్ చేయండి.

పచ్చికకి: మూడు వైపులే కోసి, నాలుగో వైపు వేళ్ళతో వదిలి మూతలా తిప్పండి. మట్టి గుడ్డ మీద పోయండి, పిన్‌పాయింటర్‌తో (చేతిలో పట్టే చిన్న డిటెక్టర్) గుంటని ఇంకోసారి చూసి, మట్టి తిరిగి నింపి, మూత వేసి కాలితో అదమండి. ఎండకి నేల బీటలిచ్చిన రోజుల్లో మాత్రం పార్కుకి వెళ్ళొద్దు, ఎంత జాగ్రత్తగా కోసినా ఆ ముక్క ఎండిపోయి గోధుమరంగు చతురస్రంలా మిగులుతుంది.

కొత్త_కాయిల్:
సరే, అయితే పార్కు తర్వాత చూసుకుంటా, మొదట పొలమే. ముందు ఆ ఎరువు సంగతి అడుగుతా.