తొర్ర పడ్డ పెద్ద చెట్టును ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న:
నమస్కారం. నేను ఒక చిన్న భూ సంరక్షణ సంఘంలో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాను. మా సంరక్షణలో ఉన్న స్థలంలో అయిదారు మహావృక్షాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్దదాని మాను చుట్టుకొలత 3.8 మీటర్లు, దాని మొదట్లో మనిషి కూర్చోగలిగేంత తొర్ర ఉంది. ఆ తొర్రను సిమెంటుతో పూడ్చి, చుట్టూ మట్టి పోసి గట్టు కట్టి, చెట్టు నీడలో కాలిబాట వేయాలని కొందరు సభ్యులు అంటున్నారు. డొల్ల చెట్టు ఎప్పటికైనా కూలుతుంది కనుక దాన్ని కొట్టేసి వంద మొక్కలు నాటుదామని మరికొందరి వాదన. ఇరువురి ఉద్దేశమూ మంచిదే. చెట్టుకు నిజంగా మేలు చేసేది ఏది?

మొదటి జవాబు:
ముందుగా మాను మీది నుంచి దృష్టిని నేల మీదికి మళ్లించండి. పెద్ద చెట్టు వేళ్లలో అధిక భాగం పై అరవై సెంటీమీటర్ల మట్టిలోనే, కొమ్మల అంచును దాటి దూరంగా పరచుకొని ఉంటుంది. ఆ వేళ్లకు నీటితో పాటు గాలి కూడా కావాలి. నడకతోనూ బండ్లతోనూ మట్టి గట్టిపడినా, పైన కొత్త మట్టి పోసినా ఆ గాలి అందదు. నష్టం కొన్నేళ్ల తర్వాతే పైకొమ్మలు ఎండటంలో కనబడుతుంది కాబట్టి, అసలు కారణం అప్పటికి ఎవరికీ గుర్తుకు రాదు. అందుకే గట్టు ఆలోచనను పూర్తిగా మానుకోమని కోరుతున్నాను.

ఎంత మేర వదిలిపెట్టాలో లెక్క వేయడానికి, నేల నుంచి సుమారు 1.3 మీటర్ల ఎత్తున మాను వ్యాసాన్ని కొలిచి దానికి 12 రెట్లు తీసుకుంటారు. మీ 3.8 మీటర్లు ఆ ఎత్తున కొలిచినవే అయితే వ్యాసం దాదాపు 1.2 మీటర్లు, అంటే చుట్టూ పద్నాలుగున్నర మీటర్ల వరకు తవ్వకం గానీ బాట గానీ ఉండకూడదు. ఆ వలయంలో ఎండుటాకులను ఊడ్చివేయకుండా ఉంచండి. చెక్కపొట్టు వేస్తే అయిదు నుంచి పది సెంటీమీటర్ల మందం చాలు, అది బెరడును తాకకూడదు.

రెండవ జవాబు:
తొర్ర విషయంలో నాకు తెలిసినది చెబుతాను. అమెరికా అటవీ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వివరించినట్లు, చెట్టు తన గాయాన్ని మన చర్మంలా మాన్పుకోదు. కుళ్లు వ్యాపించకుండా లోపల అడ్డుగోడలు కట్టుకొని, దాని చుట్టూ కొత్త కలపను పెంచుకుంటుంది. తొర్రలో కుళ్లిన చెక్కను గీకి సిమెంటు పోస్తే ఆ గోడలే దెబ్బతింటాయి. పైగా గాలికి చెట్టు ఊగుతుంది గానీ సిమెంటు ఊగదు. ఆ రాపిడి కొత్త గాయాలు చేస్తుంది. మధ్యలోని చేవ పోయినా బయటి సజీవ కలప తగినంత మందంగా ఉంటే చెట్టు దశాబ్దాల పాటు నిలబడగలదు. ఆ మందం ఎంతో చూసి చెప్పవలసింది వృక్ష నిపుణుడే. ఊహ మీద నరకడమూ, ఊహ మీద వదిలేయడమూ రెండూ తగవు. బాటను దూరంగా జరిపితే కొమ్మ విరిగినా కింద మనుషులు ఉండే అవకాశం తగ్గుతుంది. గబ్బిలాలకూ గుడ్లగూబలకూ ఆ తొర్రే ఇల్లు కావచ్చు, అది కూడా గమనించండి.

మూడవ జవాబు:
వంద మొక్కలు తప్పక నాటండి, కానీ ఆ వలయానికి బయట. 403 జాతుల చెట్లను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, అత్యధిక జాతులలో చెట్టు పెద్దదైన కొద్దీ ఏడాదికి కూడగట్టే బరువు పెరుగుతూనే ఉంటుందని తేలింది. ఇన్నేళ్ల ఎదుగుదలను మొక్కలు మన జీవితకాలంలో భర్తీ చేయలేవు. మరొక మాట: సంఘం సభ్యులు మారతారు, భూమి చేతులు మారవచ్చు. కాబట్టి ప్రతి పెద్ద చెట్టుకూ సంఖ్య ఇచ్చి, ఏటా ఒకే ఎత్తున కొలిచి, ఒకే చోటి నుంచి ఫోటో తీసి భద్రపరచండి. భూమి సంరక్షణ ఒప్పందంలో ఆ చెట్లను, వాటి వేళ్ల వలయాన్ని పేర్కొనే వీలుందేమో న్యాయవాదిని అడగండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. రాబోయే ఆదివారం పద్నాలుగున్నర మీటర్ల తాడుతో వలయం గీసి, బాట గుర్తులను దాని అవతలికి మారుస్తాం. నిపుణుడు వచ్చి చూసేదాకా గొడ్డలినీ సిమెంటునూ దగ్గరకు రానివ్వకూడదని సభ్యులను ఒప్పిస్తాను.