అల్లికలో తప్పును ‘దిద్దడం’ అంటే సరిపోతుందా?

స్వెట్టర్‌లో జడ అల్లిక ఒకచోట తప్పుగా పడితే దాన్ని సరిచేసే పనిని తెలుగులో ఏమంటారని నిన్న ఈ గుంపులో ఒక అక్క అడిగినారు. జవాబుల్లో ‘సవరణ’, ‘మరమ్మతు’, ‘పునరల్లిక’ అన్నీ వచ్చినాయి. నేనైతే ‘దిద్దడం’ అంటాను. కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, ఎందుకంటే చేతిపని ఎట్ల జరుగుతుందో చూడకుండా పెట్టిన మాట ఆ పని చేసేవాళ్ల నోట్లో నిలబడదు.

ముందు ఈ ‘కేబుల్’ సంగతి, అంటే స్వెట్టర్ మీద తాడులాగానో జడలాగానో కనపడే మెలికల అల్లిక. దీనికి ఒకే తెలుగు మాట కావాలని వెతకడం అనవసరం, మనకు పేనడం వేరు, అల్లడం వేరు. కిత్తనార తాడు పేనేటప్పుడు పాయలు ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతాయి. జడ అల్లేటప్పుడు కుడి పాయ ఒకసారి, ఎడమ పాయ ఒకసారి నడిమికి వస్తుంది. స్వెట్టర్‌లో కూడా ఈ రెండు రకాలూ ఉన్నాయి. ఆరు కుట్ల తాడు వేయాలంటే మొదటి మూడు కుట్లను ఇంకో చిన్న సూదిమీదికి తీసి, తర్వాతి మూడింటిని అల్లి, ఆపైన పక్కన పెట్టిన వాటిని అల్లాలి. ఆ చిన్న సూదిని ముందు పక్క ఉంచితే మెలిక ఎడమకు వాలుతుంది, వెనక పక్క ఉంచితే కుడికి వాలుతుంది. తాడు నమూనాలో మెలికలన్నీ ఒకే వైపు ఉండాలి, మూడు పాయల జడలో మార్చి మార్చి రావాలి. కాబట్టి ఒకటి తాడు అల్లిక, ఇంకోటి జడ అల్లిక. ‘రజ్జు గ్రథనం’ అని ఎవరో రాసినారు, దయచేసి వద్దు.

ఇప్పుడు తప్పు. ముందు ఉంచాల్సిన సూదిని ఒక్కసారి వెనక ఉంచినా తాడు అక్కడ ఎదురు తిరుగుతుంది, అదీ చాలా వరసలు పైకి పోయినాక గానీ కంటికి ఆనదు. అప్పుడు వచ్చే కంగారులో చాలామంది మొత్తం వరసలన్నీ లాగేస్తారు. దాన్ని ‘ఊడదీయడం’ అనొచ్చు, సరైన మాటే. కానీ అంత అవసరం లేదు! ఆ ఆరు కుట్లను మాత్రమే సూది నుంచి వదిలి, తప్పు పడిన వరస దాకా జార్చి, మెలికను సరైన వైపు వేసి, నిచ్చెన మెట్లలాగా మిగిలిన అడ్డదారాలతోనే రెండు మొనల సూదులతో ఒక్కో వరసా మళ్లీ పైకి అల్లుకుంటూ రావచ్చు. పక్క కుట్లు కదలవు. ఊలు దారానికి నూగు ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అదే నూలు, పట్టు అయితే జర్రున జారిపోతాయి, అక్కడ జాగ్రత్త.

స్వెట్టర్ పూర్తయిపోయి ఉంటే ఇంకో దారి ఉంది, నాకు ‘దిద్దడం’ అన్న మాట తట్టింది అక్కడే. మొద్దు మొన ఉన్న పెద్ద సూదికి అదే రంగు ఊలు ఎక్కించి, పైకి కనపడాల్సిన కుట్ల మీద, వాటి దారం పోయిన దారినే మళ్లీ పోనిస్తారు. కింద తప్పు మెలిక అట్లే ఉంటుంది, పైన సరైన వాలు కనపడుతుంది. చిన్న మెలికలకు బాగా కుదురుతుంది, పెద్దవాటికి కాస్త ఉబ్బుగా ఉంటుంది. పలకమీద పెద్దవాళ్లు రాసిచ్చిన అక్షరం మీదనే బిడ్డ దిద్దుతుంది చూడండి, అదే పని ఇది. ఒకే మాటలో ఉన్న గీత మీద గీయడం, తప్పును సరిచేయడం రెండూ ఉన్నాయి. మరమ్మతు అంటే మోటారు గుర్తొస్తుంది, సవరణ అంటే చట్టం గుర్తొస్తుంది.

ఇది నేను కొత్తగా అంటగట్టిన అర్థమేమీ కాదు. మన కడపలో ఉండి పనిచేసిన బ్రౌన్ దొర నిఘంటువు, 1852లో అచ్చయింది, అందులో కూడా దిద్దుకు సరిచేయడమనే అర్థం ఉంది. చక్కదిద్దడం, తీర్చిదిద్దడం ఇప్పటికీ రోజూ అంటూనే ఉన్నాం.

‘అయితే కుట్లు జార్చి మళ్లీ అల్లేది కూడా దిద్దడమేనా’ అని పైన ఒక అన్న అడిగినాడు. నా లెక్కలో అవును, చుట్టూ ఉన్నదాన్ని చెడగొట్టకుండా తప్పు ఉన్నచోటనే చేస్తున్నాం కాబట్టి. కావాలంటే దాన్ని ‘జార్చి దిద్దడం’ అని, సూదితో చేసేదాన్ని ‘పైదిద్దుబాటు’ అని విడదీసుకోవచ్చు.

అనంతపురం వైపు కంబళ్లు నేసే ఇళ్లవాళ్లు, ధర్మవరం మగ్గాల దగ్గర పనిచేసేవాళ్లు ఈ గుంపులో ఉంటే ఒక్క మాట చెప్పండి: నేతలో పోగు తప్పితే వెనక్కి తీసి సరిచేసేదాన్ని మీ ఇండ్లల్లో ఏమంటారు? అచ్చం మీరు పలికేది పలికినట్టే రాయండి.