శివాలయంలో కూర్చోవాలి, పెరుమాళ్ గుళ్ళో కూర్చోకూడదా?

మైలాపూర్ కోడలు:
మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. ఏ గుడికెళ్ళినా దర్శనమయ్యాక కాసేపు కూర్చుని, ‘అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం’ చదువుకుంటే గానీ లేవరు. కపాలీశ్వరుడి గుళ్ళో ఏ పేచీ రాలేదు. మొన్న తిరువల్లిక్కేణి పార్థసారథి గుళ్ళో ఆవిడ కూర్చోగానే పక్కనున్న తమిళావిడ, ‘పెరుమాళ్ దర్శనమయ్యాక కూర్చోకూడదమ్మా, లక్ష్మీదేవి మీ వెంట వస్తుంది, నేరుగా ఇంటికెళ్ళాలి’ అంది. అత్తయ్యగారు అక్కడ నోరు మెదపలేదు. ఆటో ఎక్కాక మొదలుపెట్టారు: ‘మా వేణుగోపాలస్వామి గుళ్ళో చిన్నప్పటి నుంచీ కూర్చుంటున్నాం, మా ఇంటికి లక్ష్మి రాలేదా?’

ఇంకో సంగతి, ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. కాళ్ళు మడవలేరు. చాపుదామంటే ఎటు చూసినా ఏదో ఒక సన్నిధి. కుర్చీ వేస్తే తప్పా?

మాడవీధి మాస్టారు:
అమ్మా, ఆ తమిళావిడ చెప్పింది ఇక్కడ చాలా ఇళ్ళల్లో పాటించేదే. శివాలయంలో కూర్చుని రావాలి, విష్ణాలయం నుంచి నేరుగా ఇంటికి రావాలి అంటారు. మన వైపు ఆ తేడా పెద్దగా పట్టించుకోరు. మీ అత్తగారు ఆవిడ పద్ధతిలో కూర్చుంటే వచ్చిన నష్టమేమీ లేదు.

ఎక్కడ కూర్చుంటున్నారన్నదే చూసుకోండి. నందికీ స్వామికీ మధ్య వద్దు. గర్భగుడికి వీపు పెట్టొద్దు. చండికేశ్వరుడికీ గర్భగుడి గోడకీ మధ్య సందులో అసలే వద్దు, అక్కడ చాలామంది నడవను కూడా నడవరు. కపాలీశ్వరుడిది పడమటి ముఖం, కర్పగాంబాళ్‌ది దక్షిణ ముఖం, పైగా బయటి ప్రాకారంలో పున్నాగ చెట్టు దగ్గర ఒకటి, శనీశ్వరుడిది ఒకటి, ఇలా చిన్న సన్నిధులు బోలెడు. కాళ్ళు చాపడానికి చోటు వెతుక్కోవడం కంటే కుర్చీయే నయం. ప్రదక్షిణ చేసేవాళ్ళకి అడ్డు రాకుండా, స్వామికి ఎదురుగా కాకుండా, ఓ పక్కకి వేయండి. ప్రదోషం సాయంత్రం మాత్రం కుర్చీతో వెళ్ళకండి. నంది చుట్టూ జనం కిక్కిరిసి ఉంటారు, అభిషేకం అయ్యేదాకా కదలరు.

అన్నానగర్ అబ్బాయి:
తిరుమలలో ఏం చేస్తారండీ మీ అత్తగారు? అక్కడ నిలబడనిస్తేనే గొప్ప, ‘జరగండి జరగండి’ అంటుంటే శ్లోకం మొదటి పాదం కూడా పూర్తవదు.

పెరంబూర్ పిన్ని:
మాస్టారూ, కుర్చీ మాటకి నేను ఒప్పుకోను. దేవుడి ముందు నేల మీద కూర్చోవడమే మర్యాద. మా అమ్మ మండపం మెట్టు మీద కూర్చునేది.

మాడవీధి మాస్టారు:
మెట్టు కూడా ఎత్తేగా తల్లీ! మోకాళ్ళు అరిగినవాళ్ళని నేల మీద కూర్చోబెడితే, లేపడానికి ఇద్దరు కావాలి.

మైలాపూర్ కోడలు:
అందరికీ థాంక్సండీ. మడత స్టూలు ఒకటి కొన్నాం. మాస్టారు రాసింది అత్తయ్యగారికి చదివి వినిపించాను. అంతా విని, ప్రదోషం ఎప్పుడో క్యాలెండర్‌లో చూడమంటున్నారు.