అప్‌డేట్: జెరూసలేంలో 1187లో ఊచకోత ఎందుకు జరగలేదు?

1099లో క్రూసేడర్లు (పవిత్ర యుద్ధం పేరుతో యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ యోధులు) జెరూసలేంను పట్టుకుని ముస్లింలను, యూదులను ఊచకోత కోశారు కదా, 1187లో దాన్ని తిరిగి గెలిచిన ముస్లిం సుల్తాన్ సలాదిన్ అక్కడి క్రైస్తవులను ఎందుకు వదిలేశాడని ఇంతకుముందు అడిగాను. ఆయన దయే కారణమని చాలామంది అన్నారు. ఆ తర్వాత కూర్చుని చదివాను. కథ అంత సులువుగా లేదు.

1187 జులైలో హత్తీన్ దగ్గర సలాదిన్‌తో జరిగిన యుద్ధంలో జెరూసలేం క్రైస్తవ సైన్యం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. నగరంలో మిగిలిన యోధులు చాలా తక్కువ. సలాదిన్ కూడా మొదట 1099కి బదులు తీర్చుకుంటాననే అన్నాడు. అప్పుడు నగరాన్ని కాపాడుతున్న బాలియన్ ఎదురు బెదిరించాడు: మా దగ్గరున్న ముస్లిం బందీలను చంపేస్తాం, ముస్లింల పవిత్ర కట్టడమైన డోమ్ ఆఫ్ ది రాక్‌ను కూల్చేస్తాం, ఆ తర్వాతే బయటికొచ్చి పోరాడి చస్తాం అని. దాంతో బేరం కుదిరింది. ప్రాణాలతో బయటపడాలంటే మగవాడికి 10 దీనార్లు (బంగారు నాణేలు), ఆడవారికి 5 కట్టాలి. అక్టోబర్ 2న నగరం లొంగిపోయింది.

సలాదిన్, ఆయన తమ్ముడు అల్ ఆదిల్ చాలామంది పేదలను ఉచితంగానే వదిలారు. అది నిజంగా గొప్ప విషయం. కానీ డబ్బు కట్టలేని వేలమంది బానిసలయ్యారు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్.