లండన్ పోలీసుల ముఠా జాబితాలో నల్లజాతి యువకులే అధికంగా ఎందుకున్నారు?

ప్రశ్న: 2011 అల్లర్ల తర్వాత లండన్ పోలీసులు 2012లో రూపొందించిన ముఠా జాబితాలో (ముఠా సభ్యులని అనుమానించినవారి పేర్ల పట్టికలో) అత్యధికులు నల్లజాతి యువకులేనని చదివాను. నేరాల్లోనూ వారి వాటా నిజంగా అంతే ఉందా?

సమాధానం: లేదండీ. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 2018 నివేదిక ప్రకారం జాబితాలో 78 శాతం నల్లజాతీయులు కాగా, తీవ్రమైన యువజన హింసకు బాధ్యులుగా పోలీసులే గుర్తించినవారిలో వారి వాటా 27 శాతం మాత్రమే.

మరొకరు: ఎవరితో తిరుగుతున్నారు, ఏ పాట వీడియో పంచుకున్నారు అన్నవి కూడా అనుమానానికి ఆధారాలయ్యాయి. ఆ వివరాలు గృహ వసతి, విద్యా సంస్థల దాకా చేరడంతో, ఏ నేరమూ చేయని పిల్లవాడు కూడా ఇల్లో చదువో కోల్పోయే ప్రమాదం ఏర్పడింది. సంపన్నుల పిల్లలు కలిసి తిరిగితే స్నేహమనీ, ప్రభుత్వం పేదలకు అద్దెకిచ్చే ఇళ్లల్లో పెరిగినవారు తిరిగితే ముఠా అనీ భావించడం ఘోరమైన అన్యాయం.

ఇంకొకరు: ఆ ముఠా జాబితా నిర్వహణ చట్టవిరుద్ధమని పోలీసులు 2022లో అంగీకరించినా, జాబితా రద్దయింది 2024లోనే.