బేరం తెగింది: కుదిరినట్టా, చెడినట్టా?

సముద్రపు ఒడ్డున జరిగే పాతసామాన్ల సంతల గురించి మాట్లాడుకుంటూ "ఇత్తడి లాంతరు బేరం ఎంతకీ తెగలేదు" అని రాశాను. "తెగకపోతే మంచిదే కదండీ, ఎంతకిచ్చారు?" అని ఒక సభ్యురాలు అడిగారు. ఇలా అనుకునేవారు ఇంకా ఉంటారనిపించి విడిగా రాస్తున్నాను.

బేరం తెగిందంటే కుదిరిందనే. కుదరకపోతే బెడిసింది, చెడింది అంటాం. తాడు తెగితే నష్టం, స్నేహం తెగితే బాధ. తగవూ బేరమూ మాత్రం తెగితేనే ఇద్దరికీ ఊరట. తెగేసి చెప్పడంలో ఉన్నదీ ఇదే, ఇక సాగదీయడానికి ఏమీ మిగల్లేదని. ఇంగ్లీషు 'డిసైడ్'కు మూలమైన లాటిన్ మాటకూ కోసివేయడమనే అర్థం. ఎక్కడి లాటిన్, ఎక్కడి తెలుగు! ఊహ మాత్రం ఒకటే.

నాకు ఇంతకన్నా ముచ్చటగా తోచేది 'గీచి గీచి బేరమాడటం'. ముందు గీయడం, తర్వాత తెగడం. రెండు మాటల్లోనూ ఒకే కత్తి ఉందని నా ఊహ.

ఒడ్డు సంతలో ఆ గీతలు కళ్లకు కనిపిస్తాయి. అక్కడ చాలా వస్తువులకు జోడీ ఉండదు, పక్క దుకాణంలో ధర అడిగి పోల్చుకుందామంటే కుదరదు. కాబట్టి ధర మాటల్లోనే పుట్టాలి. ఉప్పుగాలికి ఇత్తడి చిలుము పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, అద్దం వెనక పూత లేస్తుంది. కొనేవారు గీసేది వీటిమీదే. చిలుము తోమితే పోతుంది, లోపలిదాకా తినేసిన తుప్పు పోదు. ఈ తేడా ఎరిగి అడిగితే అమ్మేవారూ ఒప్పుకుంటారు. రెండు మూడు వస్తువులు కలిపి అడిగితే త్వరగా తెగుతుంది. పొద్దువాలాక కూడా అంతే, మిగిలిన సరుకు మళ్లీ కట్టి మోసుకుపోవడం వారికీ భారమే.

ఒకసారి తెగాక మళ్లీ ధర ఎత్తడం తప్పు. ఆ మాటే ఒప్పదు. ఆపైన అడగదగ్గది కొసరొక్కటే, ఓ గవ్వో, పాత గుండీయో. ఇస్తే సంతోషం, ఇవ్వకపోతే అలగకూడదు.

'తెగనమ్ముకోవడం' వేరే సంగతి. అది గత్యంతరం లేక అయినకాడికి వదిలించుకోవడం. ఎదుటివారి ముఖంలో ఆ అవసరం కనబడితే గీయడం అక్కడితో ఆపేయాలనే నేనంటాను.

మీ వైపు 'బేరం తెగింది' ఇంకా వినిపిస్తోందా? లేక అందరూ కుదిరింది, సెటిలైంది అనే అంటున్నారా? విన్న వాక్యం విన్నట్టు రాస్తే బాగుంటుంది. 'తెగువ'కూ దీనికీ ఉన్న చుట్టరికం మీద ఎవరైనా వివరంగా రాయగలిగితే మరీ సంతోషం.